ఆ నల్లగా ఉన్నదంతా మాదే

నాకు సూర్యాస్తమయమంటే ఒళ్ళు మంట. మా కొండల్లో ఈ మాట పైకి అంటే చూడవచ్చిన జనం నన్ను వింతగా చూస్తారు. వాళ్ళకేం! ఏడాదికోసారి ఫ్లోరిడా నుంచి బండేసుకుని వస్తారు. వ్యూపాయింటు గోడ మీద కూర్చుంటారు. సూర్యుడు కొండ వెనక్కి జారగానే చప్పట్లు కొట్టి, హోటలుకు పోయి వేయించిన చేప తింటారు. నేను ముప్పై ఏళ్ళుగా ఆ గోడ దగ్గర చలికి వణుకుతూ నిలబడుతున్నాను.

మా పెళ్ళయిన రోజు సాయంత్రం కూడా మా ఆయన వెర్లిన్ నన్ను అక్కడికే తీసుకెళ్ళాడు. నేను తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే కారు డిక్కీలోంచి మూడు కాళ్ళ స్టాండు బయటికి తీశాడు. “కాస్త పక్కకు జరుగు నడీన్, ఫ్రేములో పడుతున్నావు” అన్నాడు. కొత్త పెళ్ళికూతుర్ని, పక్కకు జరిగాను. ఇప్పటిదాకా జరుగుతూనే ఉన్నాను.

ఆయనకు ఊళ్ళో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. అది పొట్టకోసం. ప్రాణం మాత్రం ఆ కెమెరాలో ఉంది. ఇటుకంత కెమెరా. గోడ మీద బొమ్మ వేసే ఫిల్ము స్లైడ్లు అందరివీ తపాలా బిళ్ళంత ఉంటే, ఈయనవి అరచేతిలో సగం ఉంటాయి. ఆ సైజు స్లైడ్లకని మా ఊరి ఫొటో క్లబ్బువాళ్ళు జర్మనీ ప్రొజెక్టరు ఒకటి కొన్నారు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాంతో గోడంత బొమ్మ వేస్తే, దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూసినా ఏ కొమ్మకా కొమ్మ విడిగా కనబడుతుంది. అంతవరకూ నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ ఫిల్ముకు ఒక రోగం ఉంది. వెలుతురున్న ఆకాశాన్నీ, నీడలో ఉన్న నేలనీ రెంటినీ ఒకేసారి పట్టుకోలేదు. ఆకాశం రంగులు నిలవాలంటే కింద లోయ తారు పోసినట్టు నల్లబడాలి. లోయ కనబడాలంటే పైన ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోవాలి. మా ఆయన ఎటువైపో వేరే చెప్పాలా? ముప్పై ఏళ్ళ స్లైడ్లలో పైన అంతా నిప్పులు, కింద అంతా తారు.

ఆ తారు కిందే మా డోవీ అత్త పుట్టిల్లు ఉంది.

డోవీ అత్త మా ఆయనకు మేనత్త. తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. ఆ వ్యూపాయింటు కింది లోయలో పుట్టింది. నేషనల్ పార్కు కోసం గవర్నమెంటు ఆ భూములన్నీ తీసుకుని జనాన్ని పంపించేసినప్పుడు ఆవిడకు ఎనిమిదేళ్ళు. అంతకు ముందు చలికాలమే వాళ్ళమ్మ పోయింది. ఇంటి పక్కనే పాతిపెట్టి, తలవైపు ఒక దేవదారు మొక్క నాటారు. నాటింది డోవీ అత్తే. ఇల్లు కూలిపోయి రాతి చిమ్నీ ఒక్కటే మిగిలిందని వేటగాళ్ళు చెప్పేవారు. దారిని అడవి ఎప్పుడో మింగేసింది. ఆవిడ మోకాళ్ళకు మా ఇంటి మెట్లెక్కడమే గగనం.

ఏటా క్లబ్బు స్లైడ్ల ప్రదర్శనకు ఆవిడ ముందు వరసలో కూర్చునేది. అందరూ పైన రంగులు చూసి ఆహా అంటుంటే, ఆవిడ కర్ర ఎత్తి కింద చూపించేది. “ఆ నల్లగా ఉన్నదంతా మాదే” అనేది. హాలంతా నవ్వేది. ఆవిడా నవ్వేది.

ఆ ఏడాది మాత్రం ప్రదర్శన రాకముందే ఆ నవ్వు పోయింది. కళ్ళ డాక్టరు చలికాలం దాటితే చూపు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. అప్పటికే దూరానివి కనబడటం లేదు, దగ్గరగా పెద్దగా ఉంటేనే ఆనుతోంది.

“వెర్లిన్, ఒక్కసారి ఆ లోయ తియ్యరా. చిమ్నీ, అమ్మ దగ్గరి చెట్టూ చూసుకుంటాను” అంది.

“అదెంత పని అత్తా!” అన్నాడీయన.

ఆకు రాలితేగాని చిమ్నీ కనబడదు. మంచు పడితే కొండ రోడ్డు గేట్లు వేసేస్తారు. మధ్యలో ఉన్నవి నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల్లో ఈయన ఎన్నిసార్లు కొండెక్కాడో! లోయ కోసమే వెళ్ళేవాడు. ఆకాశం కాస్త గులాబీ రంగు తిరిగేసరికి కెమెరా ముక్కు దానంతటదే పైకి లేచేది.

“మధ్యాహ్నం వెళ్ళి తియ్యరాదూ? అప్పుడు లోయంతా ఎండే కదా” అన్నాను.

“మధ్యాహ్నం ఎండలో తీసిన స్లైడు చూపిస్తే హోబర్ట్ మళ్ళీ నా మొహం చూస్తాడా?”

హోబర్ట్ మెస్సర్ మా క్లబ్బు అధ్యక్షుడు, రిటైరైన పళ్ళ డాక్టరు. ఆయన మొహం చూసి బాగుపడిన వాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇక నాలుగో శనివారం. చీకటి పడబోతోంది. డోవీ అత్త బొంత కప్పుకుని కారులో కూర్చుంది. ఈయన స్టాండు పెట్టి, కెమెరాను సరిచేసుకుని, కాచుకుని ఉన్నాడు. ఇంతలో గోడ ఆ చివర ఫ్లోరిడా బండి ఒకటి, పెద్దది, వచ్చి ఆగింది. దాని హెడ్‌లైట్లు నేరుగా మా మీదే. ఈయన పళ్ళు కొరుకుతూ ఫొటో తీయడానికి నొక్కే కెమెరా తీగ నా చేతిలో పెట్టాడు.

“నేను లైట్లు ఆర్పించి చెయ్యెత్తుతాను. బొటనవేలితో నొక్కు, ఒకటి అనుకుని వదిలెయ్యి. నొక్కినంతసేపూ కెమెరా కన్ను తెరుచుకునే ఉంటుంది, ఎక్కువైతే ఆకాశం తెల్లబోతుంది, జాగ్రత్త!”

వెళ్ళాడు. లైట్లు ఆరాయి. చెయ్యెత్తాడు. నేను నొక్కాను. వెనక్కి వస్తాడనుకుంటే, ఆ ఫ్లోరిడా మనిషి మెడలో ఉన్న కెమెరా చూసి ముచ్చట మొదలుపెట్టాడు! ఇక్కడ ముసలావిడ చలికి కొంకర్లు పోతోంది. అక్కడ ఇంట్లో పొయ్యిలో పెట్టిన మాంసం మాడుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“ఏవయ్యా! అక్కడేం పెళ్ళిసంబంధం మాట్లాడుతున్నావా? మీ అత్త గడ్డకట్టిపోతోంది, నీకు చీమ కుట్టినట్టయినా లేదు! నాలుగు వారాలుగా ఇదిగో అదిగో అంటూ ఆవిణ్ణి తిప్పుతున్నావు. నీకు ఆకాశమే పెళ్ళాం, ఆకాశమే అత్త! ఆవిడ అడిగింది గుప్పెడు రాళ్ళు, ఒక చెట్టు. ఆ మాత్రం చెయ్యలేవూ?”

మనసులో ఉన్నదంతా కక్కేదాకా నా బొటనవేలు తీగ మీదే ఉంది.

“వదులు, వదులు!” అంటూ ఆయన పరిగెత్తుకొచ్చాడు. “కొంప ముంచావు కదే! ఫిల్ము రోల్లో ఆఖరిది!”

“అక్కడ బాతాఖానీ పెట్టుకోమని నేను చెప్పానా?”

కారు అద్దంలోంచి డోవీ అత్త అడిగింది. “చిమ్నీ వచ్చిందిరా?”

“ఆకాశం అదిరిపోయింది అత్తా” అన్నాడు ఈయన. ఆవిడ కారు అద్దం ఎత్తేసింది.

వారం తిరిగేసరికి స్లైడ్లు కడిగి పంపారు. ఈయన లైటు బల్ల మీద పరచుకుని, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాడు. ఆఖరిది చూసి మొహం మాడ్చుకున్నాడు.

“చూడు నీ ఘనకార్యం. ఆకాశమే లేదు.” కత్తెర తీశాడు. చెడిపోయిన స్లైడు ఇంట్లో ఉంటే ఈయనకు నిద్రపట్టదు.

నేను చటుక్కున లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నిజమే, పైన అంతా తెలుపు. కింద మాత్రం లోయంతా తెల్లారినట్టు ఉంది. మోడు మోడూ విడివిడిగా కనబడుతోంది. ఎడమవైపు అంచున బియ్యపు గింజంత రాతి చిమ్నీ.

“వెర్లిన్, ఇది అత్తకు చూపించాలి.”

“హాల్లోనా? అందరి ముందా? దానికంటే నన్ను బట్టలిప్పి నిలబెట్టు!”

ఆయన స్లైడ్లకు దుమ్ము తుడిచి అద్దాల మధ్య బిగించేది నేను. ప్రొజెక్టరు ట్రేలో సర్దేది నేను. ఆ ఏటి బహుమతి కప్పు కోసం ఆయన ఆఖరున పెట్టమన్న ఎర్రటి ఆకాశాన్ని తీసి నా పర్సులో వేసుకుని, దాని చోట దీన్ని పెట్టాను.

చర్చి కింది హాల్లో ప్రదర్శన. వెనక బల్ల మీద వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగు. దీపాలు ఆర్పారు. ఈయన స్లైడ్లు ఒక్కొక్కటే పడుతుంటే జనం ఆహా, ఓహో. డోవీ అత్త కర్ర ఎత్తింది. “ఆ నల్లగా ఉన్నదంతా…” అని సగంలో ఆపేసింది. ఎక్కడిదాకా నలుపో ఆవిడకు తెలియడం లేదు.

ఆఖరిది పడింది. హాలంతా తెల్లటి వెలుతురు. జనం కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“ఏమయ్యా వెర్లిన్, సూర్యుడు పేలిపోయాడా?” అన్నాడు హోబర్ట్. అందరూ గొల్లుమన్నారు.

“మార్చు! మార్చవే!” అని మా ఆయన నా చెవిలో బుసకొట్టాడు. మార్చే బొత్తాం నా చేతిలో ఉంది. ఆవేళ కొండమీద వదలమంటే వదల్లేదు, ఇవాళ నొక్కమంటే నొక్కలేదు. ఆయన లాక్కోబోయాడు. నేను మోచేత్తో ఒక్కటిచ్చాను.

అప్పటికే డోవీ అత్త లేచింది. కర్ర పొడుచుకుంటూ తెర దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించింది. చేత్తో తడుముతూ ఎడమవైపుకు జరిగింది.

“ఇదిగో” అంది. “మా నాన్న చిమ్నీ. ఈ పెద్ద రాయి మీద అమ్మ రొట్టెలు పెట్టేది.”

నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన నా చెయ్యి వదిలేశాడు. గబగబా ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళాడు. ప్లగ్గు పీకేస్తాడేమోనని నేనూ వెంటపడ్డాను. ఆయన బల్ల పట్టుకుని వెనక్కి లాగాడు. పుడ్డింగు గిన్నెలకు తగిలేదాకా లాగాడు. బొమ్మ పెద్దదై కిందికి జారిపోతుంటే, నాలుగు పాటల పుస్తకాలు తెచ్చి ప్రొజెక్టరు ముందు కాళ్ళ కింద దోపాడు. ఆకాశమంతా పైకప్పు మీదికి పోయింది. తెర నిండా లోయే నిలబడింది. ఆయన లెన్సు తిప్పుతూ తిప్పుతూ చిమ్నీ రాళ్ళు విడివిడిగా తేలేదాకా వదల్లేదు.

డోవీ అత్త గడప రాయి చూపించింది. ఊట చూపించింది. ఇంకా ఎడమకు జరిగింది. ఆవిడ చెయ్యి వెలుతురు దాటి, తెర దాటి, ఉత్త గోడ మీదికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

“ఇక్కడ ఉండాలి. చెట్టు ఇక్కడే ఉండాలి” అంది. గోడను తడుముతూనే ఉంది.

ముప్పై ఏళ్ళు పడిగాపులు కాస్తే, ఆ ఒక్క చెట్టూ ఫ్రేము బయట!

కప్పు హోబర్ట్ బావమరిదికి పోయింది. మా ఆయన ఆ ఊసే ఎత్తలేదు. మర్నాడు మూడింటికే దుకాణం మూసి ఇంటికొచ్చాడు. “అత్తను కారెక్కించు. కొండ గేట్లు ఇంకా తెరిచే ఉన్నాయి, రాత్రికి మంచు పడుతుందట” అన్నాడు.

ఆ సాయంత్రం ఆకాశాన్ని ఏమని చెప్పను? సూర్యాస్తమయమంటే గిట్టని దాన్ని, నేనే నోరు తెరుచుకుని చూశాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిప్పు. గోడ వెంబడి క్లబ్బువాళ్ళంతా పూనకం వచ్చినట్టు ఫొటోలు తీస్తున్నారు. “వెర్లిన్, తలెత్తి చూడవయ్యా! జన్మలో మళ్ళీ దొరకదు!” అని హోబర్ట్ కేకలు పెడుతున్నాడు. మా ఆయన తలెత్తలేదు. కెమెరా ముక్కు కిందికి వంచి, ఎడమకు తిప్పి, బిగించాడు. తీగ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“పోయినసారి ఎంతసేపు నొక్కావు?”

“నాకేం తెలుసు? నేను తిడుతున్నాను కదా!”

“అయితే అంతసేపూ తిట్టు” అన్నాడు.

నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. ముప్పై ఏళ్ళలో అలాంటి ఆకాశం లేదు. దానివంక కన్నెత్తి కూడా చూడకుండా లోయలోకి వంగి నిలబడ్డ ఈ మనిషిని ఏమని తిట్టను? కావాల్సినప్పుడు రాని నా నోటి మీద నాకే మండుకొచ్చింది.

కారు అద్దం దిగింది. “మొదలెట్టవే నడీన్! వెలుతురు పోతోంది!” అని అరిచింది డోవీ అత్త.

బొటనవేలు నొక్కి, మా పెళ్ళిరోజు నుంచి మొదలుపెట్టాను.

క్రిస్మస్ ముందు స్లైడు వచ్చింది. హోబర్ట్‌ను బతిమాలి ప్రొజెక్టరు మా ఇంటికే తెచ్చుకున్నాం. డోవీ అత్త గోడకు ముక్కు ఆనించి చాలాసేపు వెతికింది. చిమ్నీ పక్కన నల్లగా, నిటారుగా దేవదారు ఉంది. ఆవిడ అరచెయ్యి దాని మొదట్లో పెట్టి పైకి జరుపుకుంటూ పోయింది. చెయ్యి పూర్తిగా ఎత్తినా చివర అందలేదు.

“నాటినప్పుడు నా మోకాలంత ఉండేది” అంది. గోడ దగ్గర్నుంచి కదల్లేదు. నేను కుర్చీ తెచ్చి అక్కడే వేశాను.

మా ఆయన వెనక నిలబడి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

“చెట్టు మొదట్లో నీడ కాస్త నల్లబడింది నడీన్” అన్నాడు. “ఇంకొంచెం తిట్టి ఉండాల్సింది.”