బొంగరం పోయిన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం, అంతరిక్ష సీరియల్లో బొంగరం పోయింది. టైలరమ్మ ఒళ్లో ప్యాంటు ఒళ్లోనే, చేతిలో సూది చేతిలోనే ఉండిపోయాయి.

బొంగరమంటే ఓడలో పనిచేసే మరమనిషి. గిరగిరా తిరుగుతూ నడుస్తుందని వదిన పెట్టిన పేరది. నిద్రపోయే సిబ్బందిని లేపడం దాని పని. పొద్దు పొడవని చోట కూడా "లేవండి, తెల్లారింది" అంటుంది. ఇవాళ ఓడ తలుపు విరిగితే, బయటికెళ్లి భుజం ఆనించి మూసింది. లోపలివాళ్లు బతికారు. ఓడ దాన్ని అక్కడే వదిలి సాగిపోయింది. "లేవండి, తెల్లారింది" అంటూనే ఉన్న గొంతు సన్నబడి, దారప్పోగంతై, తెగిపోయింది.

టైలరమ్మ ముక్కు చీది ఫోను తీసింది. వదిన పేరు దాకా పోయిన వేలు అక్కడే ఆగింది.

అన్నయ్య పోయాక ఆ వదినా ఆడపడుచులకు మిగిలిన చుట్టరికమల్లా ఈ సీరియలే. ఎవరి ఊళ్లో వాళ్లుండి, ఫోన్లో "ఒకటీ, రెండూ, మూడూ" అనుకుని ఒక్కసారే మీట నొక్కేవాళ్లు. ఒకరు లేకుండా ఒకరు చూడకూడదని ఒట్టు. ఎండాకాలంలో వదిన ఆ ఒట్టు తప్పింది. తప్పి ఊరుకోక, "ఆ పైలట్ పిల్ల చచ్చిపోతుందిలే" అని నోరు జారింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు! అన్నయ్య నీతో ఎలా వేగాడో!" అనేసింది టైలరమ్మ.

మొదటి మాటకు వదిన నవ్వేసేదే. రెండో మాటకు ఫోను పెట్టేసింది. మళ్లీ మాటల్లేవు.

ప్యాంటు కోసం బస్సు డ్రైవరు వచ్చాడు.

"ఏంటమ్మా, కళ్లు అలా వాచాయి? ఎవరన్నా పోయారా?"

"బొంగరం పోయిందన్నా."

"కుక్కా?"

"మరమనిషి. సీరియల్లో."

"ఓస్, ఇనప డబ్బా! బ్యాటరీ మారిస్తే అదే లేస్తుంది. ఇంతకీ నా ప్యాంటు సంగతేంటి?"

చెడ్డవాడేం కాదు. కానీ అతను వెళ్లిపోయాక గది ఇంకా పెద్దదైనట్టనిపించింది. కుట్టుమిషను మీద ముసుగు కప్పి, ఈసారి వేలు ఆపకుండా నొక్కింది.

"వదినా..."

"బతికే ఉన్నావా, ఆడపడుచూ?"

"ఆ రోజు నేనలా అనకూడదు వదినా, అన్నయ్య గురించి..."

"అన్నావు, విన్నాను. ఇంకా ఎందుకు తవ్వుతావు? ఏంటి విషయం?"

"బొంగరం..."

"ఆగాగు! చెప్పావంటే చంపేస్తా. నేను పైలట్ పిల్ల దగ్గరే ఆపేశాను."

"అయ్యో, ఎందుకు?"

"ఒక్కదాన్నీ కూర్చుని గోడతో నవ్వనా? నువ్వుగాని చూసేశావా ఏంటి?"

"లేదు. బొంగరం గుర్తొచ్చిందని చేశా, అంతే."

"అయితే ఇప్పుడే మొదలెడదాం. ఈసారి నా నోరు కుట్టేసుకుంటా. సూదీ దారం నువ్వే పంపు."

ఒకటీ, రెండూ, మూడూ. తెర వెలిగింది. బొంగరం గిరగిరా తిరుగుతూ వచ్చి కెప్టెను బల్లను గుద్దుకుంది. వదిన పడీపడీ నవ్వింది.

"ఎవరు పోయినా ఇది మాత్రం చివరిదాకా ఉంటుంది చూడు. ఏమంటావు?"

బొంగరం సంగతి టైలరమ్మ నాలుక కొస దాకా వచ్చింది. ఇంత బరువు ఒక్కతే మోయలేకే వదిన ఆ రోజు నోరు జారిందేమో. పెదవి కొరుక్కుంది.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నా వదినా. చూస్తున్నా."

వదిన నవ్వు బాగా వినపడాలని, తెర మీది శబ్దం తగ్గించింది.