మూడోసారి అడగడం

రెండుసార్లు అడిగాడు కదా, అంతకన్నా ఏ మనిషైనా ఏం చేస్తాడు అనుకుంటూ వెర్లిన్ కాలీఫ్లవర్ తురుముతున్నాడు. నిన్న సాయంత్రం భోజనం దగ్గర ఒకసారి, గిన్నెలు తీసేటప్పుడు ఒకసారి. "ఆర్డీ, ఓ బంగాళాదుంప ఏమన్నా ఉడకబెట్టనా?" అంటే భార్య ఆర్డిస్ "వద్దులే" అంది. "ఎంతసేపు, ఇట్టే అయిపోతుంది" అంటే "ఇప్పుడెందుకు నీకు శ్రమ" అంది. అక్కడితో అతను కొళాయి తిప్పాడు. నీళ్ల చప్పుడులో మూడో ప్రశ్న మునిగిపోయింది. మునిగిపోయిందా, తనే ముంచాడా అన్నది పొద్దున్న అయిదున్నరకి పొయ్యి ముందు నిలబడి తేల్చుకునే సంగతి కాదు.

అమెరికా ఉత్తరాన, రెడ్ రివర్ లోయలో పుట్టినవాళ్లకి ఈ లెక్క ఎవరూ నేర్పరు. మొదటిసారి అడిగితే వద్దంటారు. రెండోసారి అడిగితే శ్రమెందుకంటారు. మూడోసారి అడిగితేనే "సరే మరి, కొంచెం" అంటారు. టెక్సస్ నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు ఒక్కసారే అడిగి ఊరుకునేవాడు. వాళ్లింటికి వెళ్లిన ఊరివాళ్లందరూ ఏడాదిపాటు కాఫీ చుక్క లేకుండా తిరిగొచ్చి, పాపం చాలా మొరటు మనిషి అని చెప్పుకున్నారు.

మూడోసారి అడిగితే ఆర్డిస్ సరేనంటుంది. అది తెలుసు గనకే వెర్లిన్ అడగలేదు.

తురుము మీద ఉప్పు చల్లి పక్కన పెట్టాడు. కాలీఫ్లవర్‌కి చేటు దానిలోని నీళ్లే. పావుగంట ఆగి, గుడ్డలో మూటగట్టి, చేతుల్లో ఉన్న సత్తువంతా పెట్టి పిండితే గ్లాసుడు నీళ్లు దిగుతాయి. అప్పుడు బాగా కాలిన ఇనప పెనం మీద వెన్న వేసి, పల్చగా పరిచి, కదపకుండా నిలబడాలి. కదపకుండా నిలబడటమే వంట అని అతను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాడు. క్యాబేజీ కూడా అంతే. పెద్ద ముక్కలుగా కోసి, షాజీరా చల్లి, అంచులు నల్లబడేదాకా వదిలేస్తే దానికి తీపి తనంతట తానే వస్తుంది. పుట్టగొడుగులకి మొదట నూనె చూపించకూడదు. నీళ్లు వదిలి ఏడవనివ్వాలి, ఏడుపు ఆగాక వెన్న. ముల్లంగిని సగానికి కోసి నలభై నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే ఘాటు చచ్చి బంగాళాదుంపలా అవుతుంది. ఇదే అతని గొప్ప విద్య. వారానికి రెండుసార్లు చేసేవాడు.

అరవై రెండేళ్ల వెర్లిన్‌కి ఆరేళ్ల క్రితం దాకా గుడ్డు పొరటు తప్ప ఇంకేం రాదు. చక్కెర జబ్బుతో ఆర్డిస్ కుడికాలి రెండు వేళ్లు తీసేసిన రోజున ఆసుపత్రిలో ఓ అమ్మాయి కాగితం ఇచ్చింది. ఎడమవైపు మానాల్సినవి, కుడివైపు తినదగినవి. ఎడమవైపు, బంగాళాదుంపతో సహా, వాళ్లిద్దరి జీవితమంతా ఉంది. కుడివైపు ఆకులున్నాయి. ఆ కాగితాన్ని అతను తను పనిచేసే ఫ్యాక్టరీలో యంత్రాల పుస్తకం చదివినట్టు చదివాడు. ఆమె మానినవన్నీ తనూ మానాడు. మానానని ఎప్పుడూ చెప్పలేదు. మొదటిసారి చేసిన కాలీఫ్లవర్ తిని ఆర్డిస్ "మరీ అంత చెడ్డగా ఏం లేదు" అంది. వాళ్ల ఊళ్లో అంతకు మించిన మెప్పు లేదు. ఆ రాత్రి అతనికి సంతోషంతో నిద్ర పట్టలేదు.

రెండు వారాల క్రితం, ఇంటికి వచ్చి చూసే నర్సు గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కుంటూ అంది: "గుండె ఇంక ఎన్నాళ్లో లాగదండీ. ఇక వేలు పొడవడం మానేయండి. ఆవిడకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి." వెర్లిన్ "అలాగే" అన్నాడు. ఆమె కారు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, ముల్లంగి కోశాడు.

ఆరేళ్లు ఆమెను తన పెనమే నిలబెట్టిందని అతని నమ్మకం. పెనం దించితే ఆమె పడిపోతుంది. ఇది పిచ్చి ఆలోచన అని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు.

ముందుగదిలో కిటికీ పక్కన వేసిన ఆసుపత్రి మంచం మీద ఆర్డిస్ మేలుకునే ఉంది. ఒకప్పుడు పొడగరి. పాతికేళ్లు ప్రతి అక్టోబరులో బీట్ దుంపల లారీ నడిపిన మనిషి. ఇప్పుడు కాళ్లు నీరు పట్టి ఉబ్బాయి, మణికట్లు మాత్రం చిదుగుల్లా అయ్యాయి. జారిపోతోందని పెళ్లి ఉంగరాన్ని మెడలో గొలుసుకి వేసుకుంది. అతను దగ్గరికి రాగానే, అడగకుండానే, ఎడమచేతి ఉంగరపు వేలు చాచింది. అతను సూదితో పొడిచాడు. అంకె చూశాడు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"అయితే మంచిదే" అని ఆ వేలు నోట్లో పెట్టుకుంది, చిన్నపిల్లలా.

ఆరున్నరకి పక్కింటి లవాన్ తలుపు తోసుకుని వచ్చింది. ఆర్డిస్‌కి బడి నాటి స్నేహితురాలు. వెర్లిన్ పనికి వెళ్లినప్పుడల్లా ఆమే తోడు ఉంటుంది. కోటు విప్పకముందే పెనంలోకి తొంగిచూసింది.

"ఇవాళా అదేనా?"

"సోయకూర వేశాను. మీగడ కూడా."

"ఏమే ఆర్డిస్, మీ ఇంటికి వచ్చేముందు నా జేబులు తడిమి చూసుకోవాలే తల్లీ. ఓ బిస్కెట్టు ముక్క దొరికిందంటే మీ ఆయన షెరీఫ్‌కి ఫోన్ చేస్తాడు."

మంచం మీది నుంచి నవ్వు వినిపించింది, దగ్గుతో ముగిసింది. వెర్లిన్ టోపీ పెట్టుకున్నాడు. "పన్నెండుకి సన్నసెగ మీద వెచ్చబెట్టు. కదపకు."

"కదపనయ్యా, నీ కాలీఫ్లవర్‌ని కన్నెత్తి కూడా చూడను. వెళ్లు."

బీట్ దుంపల చక్కెర ఫ్యాక్టరీలో అది పంట కాలం. లారీలు పొలాల బురదనంతా రోడ్డు మీదికి మోసుకొచ్చాయి. వెర్లిన్‌ది శాంపిల్ గది. ప్రతి లారీ నుంచి ఒక సంచెడు దుంపలు వస్తాయి. కడిగి, తోకలు కోసి, రంపం కింద పెట్టి గుజ్జు తీసి, దానిలో చక్కెర ఎంతుందో చూడాలి. పద్దెనిమిది శాతం. పదిహేడున్నర. పద్దెనిమిది. ముప్పై నాలుగేళ్లుగా ఆ తీపి గుజ్జు వాసన అతని చొక్కాలకి పట్టి ఉంది. ఇంట్లో వేలిలో చక్కెర, ఇక్కడ దుంపలో చక్కెర. దీని గురించి ఊళ్లోవాళ్లు ఎవరూ ఒక్కసారి కూడా హాస్యమాడలేదు. వాళ్ల దయ అలా ఉంటుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే డ్వేన్ పది గంటలకి ఫ్లాస్కు తెరిచాడు. ఇద్దరూ కిటికీలోంచి లారీల వరస చూశారు.

"మంచు పడేలా ఉంది" అన్నాడు డ్వేన్.

"పడొచ్చు."

"ఆర్డిస్ ఎలా ఉంది?"

"పర్వాలేదు."

డ్వేన్ కాఫీ ఊదుకున్నాడు. "మిగతా షిఫ్టు నేను చూసుకుంటాలే. ఇంటికి వెళ్లరాదూ."

"అబ్బే, అవసరం లేదు."

"రేపు కూడా చూస్తాను. నాకేం పని, ఇంట్లో ఉంటే మా ఆవిడ అటక సర్దమంటుంది."

"నీకెందుకు శ్రమ."

డ్వేన్ ఫ్లాస్కు మూత బిగించాడు. బిగించి, మళ్లీ వదులు చేసి, మళ్లీ బిగించాడు. కిటికీ వైపే చూస్తూ, గొంతు కొంచెం తగ్గించి అన్నాడు: "వెళ్లు వెర్లిన్."

మూడోది. అది అడిగినట్టు కూడా లేదు. రెండుసార్లు వద్దన్న మాటల వెనక ఇన్నాళ్లూ దాక్కున్నవాణ్ని ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగినట్టు ఉంది. నొప్పిగా ఉంది, హాయిగా కూడా ఉంది. నాకు తెలుసు, నీకు తెలుసని కూడా తెలుసు. ఆ మూడో మాటకి అర్థం అంతే. అరవై రెండేళ్లుగా వందలసార్లు విన్నాడు, అన్నాడు, కాఫీ దగ్గర, కేకు దగ్గర. ఎప్పుడూ దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు.

"సరే మరి" అన్నాడు.

అతను ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. లవాన్ ఆశ్చర్యపోయి, కోటు వెతుక్కుంది. వెర్లిన్ బురద బూట్లు విప్పకుండానే ముందుగదిలోకి నడిచాడు. ఇన్నేళ్ల కాపురంలో అలా ఎప్పుడూ చేయలేదు. ఆర్డిస్ ముందు బూట్ల వైపు, తరవాత అతని మొహం వైపు చూసింది. అతను మంచం పక్కన నిలబడి, టోపీ చేతిలో తిప్పుతూ, నిన్నటి మాట మధ్యలో ఒక రాత్రి గడవనట్టే అడిగాడు.

"ఆర్డీ. బంగాళాదుంప ఉడకబెట్టనా."

బయట ఒక లారీ వెళ్లింది. కిటికీ అద్దం వణికి ఆగింది.

"సరే మరి" అంది ఆర్డిస్. "నీకు మరీ శ్రమ కాకపోతే."

ఇంట్లో బంగాళాదుంప లేదు. ఆరేళ్లుగా లేదు. అతను గుమ్మం దగ్గరికి వచ్చాడు. లవాన్ చేతులకి ఉన్ని తొడుగులు తొడుక్కుంటోంది.

"లవాన్, మీ ఇంట్లో బంగాళాదుంపలున్నాయా?"

"బంగాళాదుంపలా, నువ్వా..." అని ఆమె నవ్వడం మొదలుపెట్టి, అతని మొహం చూసి మధ్యలో ఆపేసింది. తొడుగులు తీసి జేబులో కుక్కుకుంది. పొలం అంత వెడల్పు ఉన్న పెరడు దాటి, కోటు బొత్తాలు పెట్టుకోకుండానే వెళ్లి, ఒడిలో నాలుగు దుంపలు వేసుకుని వచ్చింది. మట్టి అంటుకుని ఉన్నాయి. బల్ల మీద పెట్టి, అతని మోచెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

అతను పీట మీద కూర్చుని తొక్క తీశాడు. చెయ్యి మరిచిపోయింది, మందంగా పోతోంది. ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో ఉడకేసి, వార్చి, మెదిపాడు. మెదిపిన ముద్దని అలవాటుగా గుడ్డలో వేసి మూటగట్టి, రెండు చేతులా పిండాడు. నీళ్లు రాలేదు. ఇంకొంచెం బలంగా పిండాడు. తరవాత అర్థమై, మూట విప్పి, గుడ్డకి అంటుకున్నదంతా చెంచాతో గీకి గిన్నెలోకి తీశాడు. దీనికి ఏమీ చేయనక్కర్లేదు. ఇది ఉన్నది ఉన్నట్టే బాగుంటుంది. ఆరేళ్ల తన విద్యంతా ఎందుకూ పనికిరాక పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నట్టనిపించింది.

పాలు, వెన్న, మిరియాలు. జాజికాయ తురమబోయి మానేశాడు.

దిండు ఎత్తుచేసి కూర్చోబెట్టాడు. చెంచా తన చేతికే ఇమ్మంది. గిన్నెలోని ముద్దని చెంచా వెనకవైపుతో నొక్కి, మధ్యలో నెమ్మదిగా గుంట చేసి, వెన్న ముక్క అడిగి, అందులో వేసింది. అది కరగడం చూసింది. అప్పుడు గుంట పక్క నుంచి కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు మింగలేదు.

"నర్సు నాకూ చెప్పింది" అంది కళ్లు తెరవకుండా. "ఆ రోజే. నీకు చెప్పడానికి ముందే."

వెర్లిన్ దుప్పటి అంచు సరిచేశాడు. "మరి బంగాళాదుంప అడగలేదేం?"

"నువ్వు చెయ్యనంతకాలం నీకు ధైర్యంగా ఉంటుంది కదా అని." ఇంకో చెంచా తీసుకుంది. "వెర్లిన్."

"ఊఁ."

"ముల్లంగి ఎప్పుడూ బంగాళాదుంపలా లేదు."

అతను ఆమెను చూశాడు. "ఆరేళ్లు చెప్పలేదు."

"మరీ అంత చెడ్డగా ఏం లేదుగా" అంది. పెదవి చివర కదిలింది. మూడో చెంచా సగం తిని, సగం గిన్నెలోనే వదిలేసింది. "కాస్త ఆగి తింటాను. అక్కడే ఉంచు, తీసేయకు."

అతను గిన్నెని చిన్న బల్ల మీద, ఆమె చెయ్యి అందేంత దూరంలో పెట్టాడు. వంటగదిలోకి వెళ్లి దుంపలు ఉడికించిన తపేలా కడిగాడు. గుడ్డ ఉతికి ఆరేశాడు. బూట్లు అప్పుడు గుర్తొచ్చి విప్పాడు. మేజోళ్లతో, చప్పుడు కాకుండా, తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. ఆర్డిస్ తల కిటికీ వైపు వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. దుప్పటి కదలడం లేదు. సన్నగా మంచు మొదలైంది. అతను తలుపు దగ్గరే ఉండిపోయాడు, కదిపితే చెడిపోతుందేమో అన్నట్టు.

ఎంతసేపటికో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. నర్సుకి ఫోన్ చేయాలి. లవాన్‌ని పిలవాలి. పిలుస్తాడు. ముందు గిన్నె అందుకుని, ఆమె చెంచాతోనే, ఆమె ముట్టుకోని అంచు నుంచి కొంచెం తీసుకుని తిన్నాడు. మింగాడు. ఇంకో చెంచా తిన్నాడు. గుంట దగ్గరికి వచ్చేసరికి ఆపి, గిన్నె మళ్లీ ఆమె చెయ్యి అందేచోటే పెట్టాడు.

గుంటలో కరిగిన వెన్న, ఆమె చెంచా గీసిన గీతతో పాటు, పచ్చగా పేరుకుంటోంది.