బొంగురు

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమె పళ్ల సందుల్లోంచి "స్‌స్‌స్" అని ఊపిరి వదులుతోంది. ఇరవై లెక్కపెట్టేదాకా తెగకూడదు. పన్నెండు దగ్గర అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఏమిటే ఆ బుస? పామేమైనా దూరిందేమోనని హడలిపోయాను."

"గొంతు కోసం అత్తయ్యా. టీచర్ చెయ్యమంది."

"నీ గొంతు సంగతి సరే, ముందు వినేవాళ్లకి వైద్యం చేయించాలి," అంటూ ఆవిడ మరో రెండు దుప్పట్లు కుప్ప మీద పడేసి వెళ్లింది.

ఆమె ఉద్యోగం ఫోన్ల దగ్గర. కొన్న వస్తువు చెడిపోయిందని తిట్టేవాళ్లకు రోజంతా మెత్తగా క్షమాపణలు చెప్పాలి. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. ఇలాగే ఉంటే మాట పడిపోతుందని, పాట నేర్పేవాళ్ల దగ్గర సరిగ్గా ఊపిరి పీల్చడం నేర్చుకోమని డాక్టర్ అన్నాడు. "ఉద్యోగం కోసమైతే సరే. పాటలూ గీటలూ అని ఇల్లు గాలికొదిలేస్తే ఊరుకోను," అన్నాడు భర్త. అలా వారానికో గంట, శనివారం సాయంత్రం, దొరికింది.

మొదటి రోజే టీచర్ ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టింది. "ఊపిరి ఇక్కడిదాకా రావాలమ్మా. గొంతుతో లాగకు. పొట్ట వదులు." వదిలాననే అనుకుంది. "వదల్లేదు," అంది టీచర్. పద్దెనిమిదేళ్లుగా తాను పొట్ట బిగబట్టుకునే బతుకుతోందని ఆమెకు అప్పుడు తెలిసింది. కాన్పయిన కొత్తలో, "కొంచెం లోపలికి పీల్చు, మా ఆఫీసువాళ్లు వస్తున్నారు," అని భర్త గుమ్మం దగ్గర గొణిగిన రోజు బిగబట్టింది. మళ్లీ వదలమని ఎవరూ చెప్పలేదు. వడ్డిస్తున్నా, సంజాయిషీ చెప్పుకుంటున్నా, ఆఖరికి నిద్రలో కూడా అంతే. నిండా ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఒకరు చెప్పాలా అని నవ్వొచ్చింది. నవ్వు వెనకే భయమేసింది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం, ఎప్పుడూ పీక నొక్కినట్టు తెగిపోయే పైస్వరం దానంతటదే వచ్చి గదినిండా నిలబడింది. టీచర్ హార్మోనియం వాయించడం ఆపేసింది. "ఇంత గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా?"

ఆ సంతోషంలో ఒళ్లు మరిచిపోయి, ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ పాడింది. భర్త వంటింట్లోకి తొంగిచూశాడు.

"గొంతు బాగుపడినట్టుందే!"

"అవునండీ," అంది, మెచ్చుకుంటాడేమోనని.

"హమ్మయ్య. ఇంక ఆ క్లాసులెందుకు? ఆ గంట అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లు."

"శనివారమైతే రద్దీ ఉండదు," అంది లోపల్నించి అత్తగారు.

ఆమె పొట్ట దానంతటదే లోపలికి పోయింది. వాదిస్తే ఏమవుతుందో తెలుసు. మూడు రోజులు మాటలుండవు, నాలుగో రోజు ఆయనే టీచర్‌కి ఫోన్ చేసి మాన్పించేస్తాడు. ఆమె రెండుసార్లు దగ్గింది. పీక బిగించి, పాత బొంగురుని వెతికి తెచ్చుకుంది.

"ఎక్కడండీ... చూడండి, మళ్లీ పోయింది."

"ఖర్మ! సరే, ఇంకో నెల వెళ్లు," అని విసుక్కున్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతు ఎప్పటికీ బాగుపడలేదు.