ఆలస్యంగా ఖాళీ అయ్యే అద్దం

ఒసాకాలో నది ఒడ్డున ఉన్న 'పగడపు కోట' హోటల్లో గదులు గంటల లెక్కన జంటలకిస్తారు. జంట వెళ్ళగానే పనివాళ్ళు దుప్పట్లు మార్చి, తొట్టి కడిగి, కిందికొచ్చి బార్లీ టీ తాగుతారు. గది శుభ్రమైనా అద్దం ఖాళీ కావాలి కదా. అక్కడి అద్దాలు అరగంట వెనక నడుస్తాయి, అరగంట కిందట గదిలో జరిగిందే ఇప్పుడు కనిపిస్తుంది. వాటిలోంచి పాతవాళ్ళు వెళ్ళిపోయేదాకా యజమానురాలు తోమియె కొత్తవాళ్ళకి తాళం ఇవ్వదు.

అలాంటి హోటళ్ళ మీద హిసానోరి ఒక ఫొటోల పుస్తకం చేస్తున్నాడు. జంట వెళ్ళాక, ఇంకా ఊడవని గది ఎలా ఉంటే అలాగే తీస్తానని చెప్పాడు. అద్దం మాత్రం ఫొటోలో పడకూడదని తోమియె షరతు పెట్టింది. పుస్తకానికి మాటలు రాసేది చిజురు. వచ్చే వసంతంలో ఆమెకీ హిసానోరికీ పెళ్ళి.

ఆ ఫొటోలు చూస్తే చిజురుకి ఏవగింపు పుట్టేది. తలగడ మీద వెంట్రుకల ఉండలు, మరకలు, వాడి పారేసిన టిష్యూ కాగితాలు. ఏం ఆడవాళ్ళో, ఇంత రోతగా వదిలేసి ఎలా పోతారో అనుకునేది. ఆ ఏవగింపునే అందమైన వాక్యాలుగా రాసింది. అవి చదివి హిసానోరి మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం ముసలి జంట ఖాళీ చేసిన గదిలోకి అతను ఒక్కడే వెళ్ళాడు. ఇరవై నిమిషాలకి కిందికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా చిజురు తెచ్చిన అన్నం ముద్ద తినేసి, వేళ్ళు నాక్కుంటూ దూరంగా ఆపిన కారు తేవడానికి బయటికెళ్ళాడు. మఫ్లర్ పైనే మర్చిపోయాడని చిజురు మెట్లెక్కింది.

గదిలో పక్కంతా చిందరవందరగా ఉంది. అద్దంలో మాత్రం ముసలాయన, ముసలావిడ చెరోవైపు నిలబడి దుప్పటి ముడతలు సర్దుతున్నారు. ఆవిడ తలగడ తట్టి, గదికి వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత అద్దంలోకి హిసానోరి వచ్చాడు.

దుప్పటి లాగి నలిపాడు. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి కాగితాలు ఏరి పరుపు మీద పేర్చాడు. స్నానాల గదిలోకెళ్ళి, తూములోంచి లాగిన తడి వెంట్రుకలు తెచ్చి, తలగడ మీద ఒక్కొక్కటీ విడదీసి పరిచాడు. జేబులోంచి లిప్‌స్టిక్ తీసి తన పెదాలకి పూసుకుని, తలగడకి మూతి అదిమాడు. ఆదివారం నుంచీ చిజురు వెతుకుతున్న లిప్‌స్టిక్ అది. వెనక్కి జరిగి చూసుకుని, తృప్తిగా నవ్వాడు.

చిజురు తొట్టి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. తను రాసిన ప్రతి మాటా గొంతులో చేదుగా తగిలింది.

కిందికొచ్చాక తోమియె మామూలుగా అడిగింది.

"అద్దం ఖాళీ అయిందా అమ్మా?"

"లేదండీ. ఆయన ఇంకా అందులోనే ఉన్నాడు."

తోమియె ఆమె మొహం చూసింది. మంచినీళ్ళ గ్లాసు జరిపింది. చిజురు పుక్కిలించి ఉమ్మేసి, సంచిలోంచి తను రాసిన కాగితాలు తీసి అడ్డంగా చింపింది.

"వీటిని చెత్తలో వెయ్యకండి. ఆయన ఏరుకుంటాడు. పొయ్యిలో వేసెయ్యండి."

బయట కారు హారన్ మోగింది. మళ్ళీ మోగింది.

"కలిసొచ్చి విడిగా వెళ్ళేవాళ్ళకి వెనక ఇంకో తలుపుంది," అంది తోమియె, లేచి దారి చూపిస్తూ.

హారన్ మోగుతూనే ఉంది. చిజురు వెనక సందులోంచి స్టేషన్ వైపు నడిచింది.