జాడీలో రాతిగుండు

కోట దక్షిణ ద్వారం నడిమి కమాను కింద నిచ్చెన వేసుకుని, ఖియెమ్ రాళ్ల సందుల్లోని పిచ్చిమొక్కలను వంకర కత్తితో పెళ్లగిస్తున్నాడు. వేరు లోపల తెగితే మళ్లీ మొలుస్తుంది. అందుకే రెండు వేళ్లతో పట్టుకుని, పంటి సందులోని పీచు తీసినట్టు మెల్లగా లాగుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. వేళ్ల కొనలు చదునుగా అరిగిపోయాయి. తూర్పువైపు మూడో రాయి మొదట్లో మాత్రం గడ్డి మోకాలెత్తున ఉంది. అది నీ కంటికి ఆనదా అని పర్యవేక్షకుడు ఏటా తిడతాడు.

కింద, కోట చూపించే పిల్ల డియెప్ యాత్రికులకు చెబుతోంది. ఆరువందల ఏళ్ల కిందట మూడు నెలల్లో లేపిన గోడలట. ఏనుగంత రాళ్లను రాతిగుండ్ల మీద దొర్లించి తెచ్చారట. కట్టించిన రాజవంశం ఏడేళ్లకే పోయిందట.

"తప్పు చెబితే సరిదిద్దు తాతా," అంది తలెత్తి.

"ఏడేళ్లేనా? నా కత్తిపిడికి పదకొండేళ్లు."

యాత్రికులు నవ్వారు. అతను నవ్వలేదు. నిచ్చెన పక్కన, సైకిలు బుట్టలో, గోనెగుడ్డలో చుట్టిన రాతిగుండు ఉంది.

వరిపొలాల్లో దొరికిన అలాంటి గుండ్లను ఊరంతా కోట మ్యూజియానికి ఇచ్చేసింది. అతని భార్య థోవా ఒక్కతే ఇవ్వలేదు. అడగవచ్చిన వాళ్లతో మా జాడీలో ఊరేసిన వంకాయలే ఉన్నాయని చెప్పి, మూత మీద చెయ్యి వేసి నిలబడేది. గుండు ఆ వంకాయలు పైకి తేలకుండా వాటి మీదే, ఉప్పునీళ్లలో మునిగి ఉండేది.

నలభై రెండేళ్ల కిందట వాళ్లకు పుట్టిన బిడ్డ ఏడవలేదు. చూస్తే తట్టుకోలేదని, థోవాకు తెలివి రాకముందే ఖియెమ్ ఆ బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చాడు. ఎక్కడని ఆమె అడగలేదు. అడగకపోవడాన్ని అతను క్షమించడం అనుకున్నాడు. ఆ ఏడు నాట్ల రోజుల్లో ఆమె బురదలోంచి ఈ గుండును తీసి, పొట్టకు ఆనించుకుని ఇంటికి తెచ్చింది. కడుగుతూ చాలాసేపు అన్ని వైపులా తిప్పి చూసింది. ఆ తర్వాత జాడీలో పెట్టింది. రోజూ దాన్ని ఎత్తడం, దించడం ఆమే. అతన్ని ముట్టనివ్వలేదు.

పది రోజులుగా ఆమె మంచం దిగడం లేదు. గంజి కూడా గొంతు దిగడం లేదు. ఇవాళ పొద్దున అంది:

"దాన్ని ఇచ్చెయ్యవయ్యా. ఇన్నేళ్లూ చీకట్లోనే పెట్టాం. నలుగురూ చూసేచోట ఉండనీ."

అతను జాడీలో చేతులు పెట్టి మొదటిసారి ఎత్తాడు. ఆనాడు గుడ్డలో చుట్టి మోసిన బరువును చేతులు గుర్తుపట్టాయి. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా.

"మధ్యాహ్నం వచ్చి నీకొక మాట చెప్తా," అన్నాడు.

"చెబుదువుగాని. వంకాయలు ముందు తినెయ్, పాడైపోతాయి."

యాత్రికులు వెళ్లాక మ్యూజియంలో డియెప్ గుండును తూచింది. మూడు కిలోలకు కాస్త తక్కువ.

"ఎవరికి దొరికింది తాతా?"

"థోవాకి. తన పేరే రాయి."

డియెప్ ఆ పేరు కార్డు మీద రాసి గుండు ముందు నిలబెట్టింది. అతను రెండుసార్లు చదువుకున్నాడు. పేరు సంగతి ముందు చెప్పాలి, ఆ తర్వాత బిడ్డను పాతిన చోటు. దారంతా ఆ వరసే అనుకుంటూ సైకిలు తొక్కాడు.

గుమ్మంలో పక్కింటి కోడలు చిక్కుళ్లు ఒలుస్తోంది.

"ఇప్పుడే నిద్రపట్టింది బాబాయ్, లేపకు," అంది గొంతు తగ్గించి.

థోవా గోడవైపు కాకుండా జాడీవైపు తిరిగి పడుకుని ఉంది. ఖియెమ్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసుకున్నాడు. ఆ వేళ్లు తిరిగి పట్టుకోలేదు, చల్లగా ఉన్నాయి. గుమ్మంలో చిక్కుడుకాయలు చిట్లుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీ పేరు రాశారు," అన్నాడు ఆమె చెవి దగ్గర. "దక్షిణ ద్వారానికి తూర్పున, మూడో రాయి మొదట్లో. అక్కడ గడ్డి నేనెప్పుడూ పీకలేదే."

మంచం పక్కన మూత తీసి ఉన్న జాడీలో, పైన బరువు లేక వంకాయలు ఒక్కొక్కటే పైకి తేలి, గాలి తగిలినచోట నల్లబడుతున్నాయి.