వెచ్చని సాక్ష్యం

ముందు చేతులకు తెలిసింది ఆ వేడి.

కిటికీ కింద గదిని వెచ్చబరిచే పాత ఇనప రేడియేటర్... బుసబుసమంటూ. గ్లవ్స్ తీసి అరచేతులు దగ్గర పెట్టింది ప్రిస్సిల్లా. చాలా రోజుల తరువాత వేళ్లు తనవే అనిపించాయి.

కిటికీలోంచి చూస్తే రైల్వే స్టేషన్ మెట్లు. జెర్సీ సిటీలో రైలుకు ఇంత దగ్గరగా, హీట్ కూడా అద్దెలోనే కలిపి... ఇల్లు దొరుకుతుందా ఎక్కడైనా?

దొరికింది.

ఆమెకు కారు లేదు. తెల్లవారకముందే హాస్పిటల్ ల్యాబ్‌లో పనికి రైలెక్కాలి. ఇప్పుడుంటున్నది బేస్‌మెంట్ గది. అక్కడ చెమ్మ. అక్కడ చలి. అక్కడ నాలుగేళ్ల అబిగేల్ దగ్గు... పిల్లను వెచ్చగా ఉంచాలన్నాడు డాక్టరు. ఎంత తేలికగా అన్నాడో!

అబిగేల్ కోటు విప్పేసి చెక్కనేల మీద బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి నవ్వుకుంది.

సోమవారం పేపర్లు తెస్తే సంతకాలు చేసుకుందాం అన్నాడు ఓనరు.

మధ్యలో ఆదివారం వచ్చింది.

ఆదివారమంటే తెలుగు చర్చి. పాటలు, వాక్యం, ఆపైన దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు. ఇల్లు దొరికితే సంఘం ముందు సాక్ష్యం చెప్తానని ఎప్పుడో మొక్కుకుంది ప్రిస్సిల్లా. సంతకం అయ్యాక చెప్పొచ్చుగా? చెప్పొచ్చు. కానీ కృతజ్ఞత వాయిదా వేస్తే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. పిచ్చితల్లి... దేవుణ్ణి అనుమానించింది, మనుషుల్ని నమ్మింది.

మైకు పట్టుకుని అన్నీ చెప్పింది. స్టేషన్ పేరు చెప్పింది. బేకరీ పక్క సందు చెప్పింది. మూడో అంతస్తు, రేడియేటర్ వేడి, ఓనరు మంచితనం — సాక్ష్యంలో దాపరికమేమిటి?

"స్తోత్రం!" అన్నారందరూ.

అందరికన్నా గట్టిగా అన్నది ప్రేమజ్యోతి. అబిగేల్ పుట్టినప్పుడు పథ్యం వండి తెచ్చిన మనిషి. అక్కా అని పిలిపించుకున్న మనిషి. ఆమెకు కారుంది. భర్త జోసఫ్‌కీ కారుంది. రెండు జీతాలు, మచ్చలేని క్రెడిట్ స్కోరు. రోజూ డ్రైవ్ చేసి చేసి ఇద్దరికీ విసుగొచ్చింది, అంతే.

సోమవారం ప్రిస్సిల్లా పేపర్లతో వెళ్లింది. ఓనరు తలుపు సగమే తీశాడు. నిన్న సాయంత్రమే ఇచ్చేశానన్నాడు. మీ చర్చి జోసఫ్ వాళ్లకేనన్నాడు... సంతోషిస్తుందనుకుని.

మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసింది.

"నాకొక్క మాట చెప్పాల్సింది కదక్కా?"

"నువ్వింకా సైన్ చేయలేదుగా ప్రిస్సీ! నువ్వు సాక్ష్యం చెప్తుంటే ప్రభువు నాతోనే మాట్లాడినట్టుంది. నీకింకా బెటర్ ప్లేస్ చూపిస్తాడులే. ప్రేయర్ చేస్తున్నాం."

ప్రార్థన చేస్తున్నారట! ఆ ప్రార్థన మీద మన్నుపడ, అనుకుంది. అనుకున్నందుకు లెంపలేసుకుంది.

మరుసటి ఆదివారం ప్రేమజ్యోతి మైకు పట్టుకుంది. అదే సందు. అదే రేడియేటర్. అదే దేవుడు. సంఘమంతా స్తోత్రం అంది. ప్రిస్సిల్లా పెదాలూ కదిలాయి... అలవాటు కొద్దీ.

ఆ తరువాతి శనివారం మధ్యాహ్నం కొత్తింట్లో వాళ్ల గృహప్రతిష్ఠ కూడిక. వెళ్లకపోతే కుళ్లు అంటారు. వెళ్లింది.

బయట మంచు. లోపల బిర్యానీ వాసన, పాటలు, వేడి.

అబిగేల్ ఎవరినీ అడగలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి, కోటూ సాక్సులూ విప్పి పడుకుంది. నిద్రపోయింది. పాటలు అయిపోయాయి, ప్రార్థన అయిపోయింది, భోజనాలు అయిపోయాయి... ఒక్కసారి కూడా దగ్గలేదు. ప్రిస్సిల్లా వింటూనే ఉంది. ఏ పాటా చెవికెక్కలేదు.

అందరూ బూట్లు వేసుకుంటున్నారు. ప్రిస్సిల్లా వంగి పిల్లను తట్టింది.

"లే తల్లీ. ఇంటికి వెళ్దాం."

అబిగేల్ కళ్లు తెరవలేదు.

"ఇంటికి వచ్చాం కదా మమ్మీ..."

బూట్లు వేసుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. ప్రేమజ్యోతి ముద్దుగా నవ్వింది.

"అయ్యో బంగారం! నువ్వెప్పుడైనా రావచ్చు ఆంటీ ఇంటికి."

ప్రిస్సిల్లా నేల మీద కూర్చుంది. వెచ్చబడిన ఆ చిన్న పాదాలను ఒళ్లో పెట్టుకుని, సాక్సులు తొడగడం మొదలుపెట్టింది... ఒకటి... మెల్లగా... ఇంకా మెల్లగా రెండోది —