రెండో కొలత

ఆ పరదాల కొట్లో ముప్పై ఏళ్లుగా ఒకటే కట్టుబాటు. ఒకరు కొలిచిన గుడ్డని రెండోవాళ్లు మళ్లీ కొలవాలి. ఆ రెండో మనిషి "కొయ్యి" అనేదాకా కత్తెర గుడ్డని తాకకూడదు.

కొట్లో సగం అక్కది, సగం తమ్ముడిది. నోరు మాత్రం ముప్పాతిక వంతు అక్కదే. ఆమెకి యాభై ఎనిమిది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధంతా టేపమ్మ అంటారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలత కుదర్లేదు" అనేసి, వెంటనే రాడ్లూ రింగులూ చూపించడం మొదలుపెడుతుంది. తమ్ముడు ఆమెకంటే ఎనిమిదేళ్లు చిన్న. రోజంతా ఆమె "తమ్ముడూ, తమ్ముడూ" అని కేకలేస్తుంటే విని విని, డెబ్బై ఏళ్ల ఖాతాదార్లు కూడా అతన్ని తమ్ముడనే పిలుస్తారు.

ఆ శుక్రవారం పొద్దున అతను కొట్లోకి వచ్చేసరికి కత్తిరింపు బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరికి గోధుమరంగు కాగితం పరిచి ఉంది. దాని నిండా నీలం సుద్ద గీతలు.

"ఎవరిదక్కా ఇంత పొడుగు కిటికీ?"

"నాదే. పన్నెండడుగులు. అడుగుకొక రోజు, అరంగుళానికి ఒక గంట. కొలిచి చెప్పు."

అతను వంగి చూశాడు. పారిస్, జ్యూరిచ్, మ్యూనిక్, వియన్నా, ప్రాగ్, బెర్లిన్. ఊరికీ ఊరికీ మధ్య రైళ్లు. ఏ రైలు ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎక్కడ దిగి మారాలి, ఏ పూట ఏ గదిలో పడుకోవాలి, అన్నీ రాసి ఉన్నాయి.

"ఎవరెవరు వెళ్తున్నారు?"

"ఎవరెవరేంట్రా? నేనే."

"ఒక్కదానివా?"

"కిటికీ పక్క సీటు ఒక్కటే ఉంటుందిగా. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కిటికీలన్నీ మూసిపెట్టాను. ఒక్క పన్నెండు రోజులు కిటికీ తీసుకుని కూర్చుంటాను. ఏజెంటు ఆదివారం సాయంత్రం ఆరింటిదాకా ఈ రేటుకి టికెట్లు ఆపి ఉంచుతానన్నాడు. నువ్వు కొయ్యి అంటే కొనేస్తాను."

మూల కుట్టుమిషను మీద ఉన్న టైలరు తల ఎత్తకుండానే అన్నాడు. "అమ్మగారూ, వచ్చేటప్పుడు నాకో మంచి సూది తెండి."

తమ్ముడికి నవ్వు రాలేదు. అతని చూపు గోడకి ఆనించిన నిచ్చెన మీదకి పోయింది.

ఎనిమిది నెలల కింద ఆ నిచ్చెన మీంచే అక్క పడింది. పై అరలోంచి ఆమె గుడ్డ తీస్తోంది. కింద నిచ్చెన పట్టుకున్నది తమ్ముడు. జేబులో ఫోను మోగింది. ఒక చెయ్యి తీశాడు. ఫోను జేబులోంచి రాకపోతే రెండో చెయ్యీ తీశాడు. అంతే. మోకాలి చిప్ప పగిలి అక్క మూడు నెలలు మంచం మీద ఉంది. నిచ్చెన జారిందని అందరికీ చెప్పాడు. భార్యకి కూడా అదే చెప్పాడు. అక్క అవునని అనలేదు, కాదనీ అనలేదు. అప్పట్నుంచి ఆమెని నిచ్చెన ఎక్కనివ్వడు, బరువు ఎత్తనివ్వడు, కొలతలకి బయట ఇళ్లకి పంపడు. గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మిగిలిన ముక్కలు పడేసే కట్ పీసుల బుట్ట ఆ కుర్చీ పక్కనే ఉంటుంది.

మళ్లీ ఏమైనా అయితే? ఆ ప్రశ్న అతన్ని నిద్రపోనివ్వదు. ఇక్కడ పడితే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. భాష తెలియని చోట, ముక్కూ మొహం తెలియని జనంలో పడితే?

అందుకని రెండు రోజులు ఆ కాగితం కొలిచాడు, తప్పు దొరకాలనే కొలిచాడు. చలి అన్నాడు. కోటు కుట్టించానంది. భాష అన్నాడు. "మన కొట్టుకొచ్చేవాళ్లలో సగంమందికి ఏం కావాలో వాళ్లకే తెలీదు, వాళ్లతోనే బేరం కుదుర్చుకోలేదూ?" అంది. ఎలా చూసినా లోపం దొరకలేదు. శనివారం సాయంత్రానికి అతని వేలు ఏడో అడుగు మీద ఆగింది. మ్యూనిక్ నుంచి వియన్నాకి నేరుగా వెళ్లే బండి వదిలి, చవకని అక్క మరో దారి పట్టింది. నోరు తిరగని పేరున్న జంక్షన్లో దిగి ఇంకో బండి ఎక్కాలి.

"ఇక్కడ మారడానికి ఎంతసేపుంది?"

"తొమ్మిది నిమిషాలు."

"నీ సుద్ద గీత మందం కూడా లేదక్కా!"

"చాలు."

"చాలదు."

"చాలని నేనంటున్నాను."

"అయితే చేసి చూపించు. మన స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఆరో దానికి. పై వంతెన మీదుగా, మెట్లెక్కి దిగి. లిఫ్టు లేదు. పెట్టె పదకొండు కిలోలు. తొమ్మిది నిమిషాల్లో వస్తే కొయ్యి అంటాను."

"రాకపోతే?"

"నువ్వే చెప్పు."

అక్క టేపుని వేలికి చుట్టి విప్పింది. "రాకపోతే ఆ కాగితం చుట్టేస్తాను. ఇంక నా నోట ఆ మాట రాదు." అలా అంటే ఆమె అలానే ఉంటుంది. తమ్ముడికి గుండె ఒకపక్క తేలికైంది, ఒకపక్క బరువెక్కింది.

ఆదివారం అయిదింటికి స్టేషన్‌కి వచ్చారు. పెట్టె నిండా కట్ పీసులు కుక్కి కాటా మీద పెట్టి తూచారు. అక్క ఒకటో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. తమ్ముడు ముందుగా ఆరో ప్లాట్‌ఫారానికి పోయి ఫోన్లో "కానీ" అన్నాడు. గడియారం నొక్కాడు.

అతనికి ఇంకో ఎత్తు ఉంది. అక్కడ ప్లాట్‌ఫారాలు చివరి నిమిషంలో మారుతుంటాయని అక్కే ఎక్కడో చదివి చెప్పింది. ఏడో నిమిషంలో ఫోన్ చేసి మార్చేస్తాడు. చిన్న పనే. మోసం అనుకుంటే మోసం, జాగ్రత్త అనుకుంటే జాగ్రత్త.

రెండు నిమిషాలు. మూడు. నాలుగో నిమిషంలో వంతెన కమ్మీల సందుల్లోంచి ఆమె ఆకుపచ్చ శాలువా కనిపించింది. కుంటుతోంది, కానీ ఆగడం లేదు. అయిదు. ఆరు. ఆరోదాని మెట్ల తల దగ్గరకొచ్చింది. పెట్టెని ఒక్కో మెట్టూ దించుతోంది. ఇంకో పాతిక మెట్లు. వచ్చేస్తుంది. నిమిషం మిగుల్చుకుని మరీ వచ్చేస్తుంది.

అతను ఫోన్ నొక్కాడు.

పైన ఫోను మోగింది. అక్క చెయ్యి కమ్మీ మీంచి లేచింది. అప్పుడు తెలిసింది తమ్ముడికి తానేం చేశాడో. ఎత్తులో ఉన్న మనిషి, చేతిలో బరువు, మోగుతున్న ఫోను. కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి అక్క పెట్టెని మెట్టు మీద నిలబెట్టి, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

"ఊఁ, చెప్పు."

వద్దు, దిగి వచ్చెయ్ అనాలి. నోట్లోంచి మాత్రం రాత్రి సిద్ధం చేసుకున్న మాటే వచ్చింది. "ప్లాట్‌ఫారం మారింది. నాలుగు."

అక్క పైనుంచి అతని వంక చూసింది. ఒక్క క్షణం. "సరే" అని పెట్టేసి, పెట్టె తిప్పుకుని పైకెక్కడం మొదలుపెట్టింది.

అప్పుడే అయిదో ప్లాట్‌ఫారం మీదకి బండి వచ్చింది. వందలమంది ఒక్కసారిగా మెట్లమీద పడ్డారు. ఆకుపచ్చ శాలువా ఆ జనంలో మునిగిపోయింది.

ఎనిమిది. తొమ్మిది అయింది. అతను గెలిచాడు. పది. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పదకొండు. ఇంకోసారి, ఇంకోసారి. పన్నెండో నిమిషంలో పరుగెత్తాడు. ఎదురొచ్చే జనాన్ని తోసుకుంటూ వంతెన ఎక్కాడు, తిట్లు తిన్నాడు, ఒక చెప్పు ఊడి పోయింది. నాలుగోదాని మెట్లకింద జనం గుంపుగా వంగి నిలబడి ఉన్నారు. ఎవరో పడితే చుట్టూ మూగినట్టు. "అక్కా!" అని అరుచుకుంటూ మూడేసి మెట్లు దూకాడు.

ఎవరిదో సంచి చినిగి బంగాళదుంపలు దొర్లితే ఏరుతున్నారు.

అక్క వాళ్లకి అవతల పెట్టె మీద కూర్చుని టీ తాగుతోంది.

"ఫోనెందుకెత్తలేదు?" ఊపిరందక అతని గొంతు కీచుమంది.

"మెట్ల మీద ఉన్నాను. ఒకసారి ఎత్తడమే ఎక్కువ. కిందికొచ్చి చూస్తే నీ కాల్స్ నాలుగున్నాయి. చేద్దామనుకుంటుంటే నువ్వే ఊడిపడ్డావు. రెండో చెప్పేదిరా?"

అతను పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"ఎంతైంది?" అంది అక్క.

"నేను చూళ్లేదు. పన్నెండు దాటింది."

"బండి పోయిందన్నమాట. సరే, ఓడిపోయాను." టీ గ్లాసు అతనికిచ్చింది. "తాగు. ఆ జంక్షన్లో నా తర్వాతి బండి నలభై నిమిషాలకట. కనుక్కున్నాను."

"అక్కా, ప్లాట్‌ఫారం కావాలని మార్చాను."

"తెలుసు. అక్కడి రైలువాళ్లు మారిస్తే మోసం అంటానా? అది కాదు నీ తప్పు." మోకాలు రాసుకుంది. "నిచ్చెన వదిలేశావని నాకు తెలుసు. పైనున్నవాళ్లకి అంతా కనపడుతుందిరా. రెండు చేతులూ జేబులోనే ఉన్నాయి."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అంటే నా మోకాలు కొత్తదవుతుందా? నువ్వే చెప్తావని చూశాను. నువ్వు చెప్పలేదు సరిగదా, తీసుకెళ్లి కట్ పీసుల బుట్ట పక్కన కూర్చోబెట్టావు. తప్పు నీది, శిక్ష నాకా?"

 అయిదూ నలభైకి ఆమె ఫోను మోగింది. ఏజెంటు. తమ్ముడు గబుక్కున అందుకోబోయాడు. "టికెట్లు తీసెయ్యమని చెప్పక్కా. కొయ్యి. నేనంటున్నాను, కొయ్యి."

అక్క ఫోనెత్తి "వద్దు బాబూ, వేరేవాళ్లకి ఇచ్చేసుకో" అని పెట్టేసింది.

"కొయ్యి అన్నానుగా!"

"ఇచ్చిన మాట ఇచ్చిందే. ఒకవేళ గెలిచినా ఆ గుడ్డ కోసేదాన్ని కాదు. నాలుగడుగుల కిటికీకి ఎంత గుడ్డ తీస్తాం?"

"ఎనిమిది. మడతలు రావాలిగా."

"నాలుగే తీస్తే?"

"అది పరదా కాదు, దుప్పటి."

"నేను గీసింది దుప్పటేరా. ఊరికి ఊరు అంటించేశాను, మధ్యలో ఒక్క మడత లేదు. ఇంకొకరి కిటికీకైతే అలా కోసి ఇచ్చేదాన్నా? నాదయ్యేసరికి ఆశ పడ్డాను." లేచి నిలబడి పెట్టె అతని వైపు తోసింది. "పద. దీన్ని నువ్వు మొయ్యి."

సోమవారం పన్నెండడుగుల కాగితం చుట్టచుట్టి మూలన పడి ఉంది. అక్క మెత్తటి కుర్చీలో కూర్చుని చిల్లర ఇస్తోంది. ప్రయాణం ఊసెత్తలేదు. మంగళవారం కూడా ఎత్తలేదు. ఎప్పటిలా కేకలూ వెయ్యలేదు. టైలరు మధ్యాహ్నం తమ్ముడి దగ్గరకొచ్చి గొణిగాడు. "అయ్యా, అమ్మగారు రెండు రోజులనుంచి నన్ను తిట్టలేదు. నాకు భయంగా ఉంది."

ఆ సాయంత్రం తమ్ముడు భార్యకి నిచ్చెన సంగతి చెప్పాడు. ఆమె పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత "వదిన మంచం మీద ఉన్నప్పుడు ఒకటే అన్నారు, తమ్ముణ్ణి ఏమీ అడగొద్దని. ఎందుకో ఇప్పుడర్థమైంది" అంది.

బుధవారం అక్క కొట్లోకి వచ్చేసరికి బల్ల మీద కొత్త కాగితం పరిచి ఉంది. ఎర్ర సుద్ద. గీతలు వంకర. బల్ల అవతల తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటిది?"

"నీ నోట ఆ మాట రాదన్నావు. నా నోట రాకూడదని అనలేదుగా. నేను కొలిచాను, రెండో కొలత నీది."

అక్క మెడలోంచి టేపు తీసింది. మొదటి అడుగు దగ్గర మొదలుపెట్టింది. పారిస్. జ్యూరిచ్. వియన్నా. మూడే ఊళ్లు. ఊరికీ ఊరికీ నేరుగా పోయే బండి, పగటిపూటే, కిటికీ పక్కనే. ఒక్కొక్క అడుగూ కొలుస్తూ పోయింది.  టైలరు మిషను ఆపేశాడు.

"జ్యూరిచ్‌లో ఈ రోజంతా ఖాళీగా ఉందేం?"

"మడత."

"ఊఁ." ఇంకొంచెం కదిలింది. చివరికొచ్చి ఆగి, టేపు మళ్లీ వేసి చూసింది. కళ్లజోడు పైకి తోసింది. "ఇది పదకొండడుగులే. పన్నెండోది ఏది?"

తమ్ముడు మెడ గోక్కున్నాడు. "అది... నెలాఖరు కదా. కొట్లో రద్దీగా ఉంటుందని..."

"నా అడుగు నొక్కేశావు."

"ఒక్కరోజేగా!"

"గియ్యి."

"అక్కా..."

"గియ్యరా!" ఆ కేకకి టైలరు మొహం విప్పారింది.

తమ్ముడు కాగితం ఇంకో అడుగు లాగి గీశాడు. అక్క దాన్నీ కొలిచింది. తీరిగ్గా, రెండుసార్లు. టేపు మెడలో వేసుకుంది.

"కొయ్యి" అంది.

అతను ఏజెంటు నంబరు వెతుకుతుంటే ఆమె గోడ దగ్గరికి నడిచి, నిచ్చెన లాక్కొచ్చి అటక కింద నిలబెట్టింది. అటక మీద పాత పెట్టె ఉంది, చిన్నది, ఆరు కిలోలకి మించి పట్టదు.

"నేను తీస్తానుండు" అన్నాడు తమ్ముడు. ఆమె తిరిగి చూసింది. అతను వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. అక్క ఒక్కో మెట్టూ ఎక్కుతోంది, కుడికాలు ముందు, ఎడమకాలు వెనక.

నాలుగో మెట్టు మీద ఉండగా అతని జేబులో ఫోను మోగింది.

"ఎవర్రా?" అంది అక్క పైనుంచి.

"ఎవరైతేనేం, మళ్లీ చేస్తారు. నువ్వెక్కు."